పుష్యమాసపు చలిలో పదుగురు



సంక్రాంతి నాటి చలికి చంకలెత్త వీలుగాదనియు, శివరాత్రితో ఆ చలి శివశివా యనుచు పోవుననియు మన పెద్దలు చెప్పుదురు. ఈ రెండు పండుగల నడుమ మనము పడు చలి యెంతటిది? కోస్తా గ్రామములలో తెల్లవారుజామున 15 డిగ్రీలకు దిగినచో వృద్ధులు కంబళి విడువరు. మన్యములోని లంబసింగిలో సున్న డిగ్రీల దరికి వచ్చినదన్నచో పత్రికలవారు చిత్రములు తీసి ప్రకటింతురు. సున్న డిగ్రీ యనగా నీరు గడ్డకట్టు స్థానము. మనకు చలి యక్కడితో ముగియును. నేను నేడు చెప్పబోవు వృత్తాంతము ఆ సున్నకు దిగువ 40 మెట్లు దిగిన చోట జరిగినది.

2021వ సంవత్సరము జనవరి 16వ తేదీ. శార్వరి సంవత్సరమున పుష్యమాసపు తొలిదినములు. మన యిండ్లలో ముక్కనుమ. ఆనాటి సాయంకాలము అయిదు గంటలు కావచ్చుచుండగా పదుగురు నేపాళదేశీయులు కారకోరము పర్వతములలోని కే2 అను శిఖరముపై నిలిచిరి. అది ప్రపంచమున ఎత్తులో రెండవది. దానిని వేసవిలో ఎక్కినవారు అంతకుముందే కలరు. శీతకాలమున ఎక్కినవాడు ఒక్కడును లేడు. ఎనిమిదివేల మీటర్లకు మించిన శిఖరములు భూమిపై 14 కలవు. వానిలో 13 అప్పటికే శీతకాలమున మనుష్యులకు లొంగినవి. ఇది యొక్కటియే మిగిలియుండెను. ఆ పదుగురును ఒకరి ప్రక్క నొకరుగా కడపటి అడుగులను కలిసి వేసిరి. నాకు ముఖ్యముగా చెప్పవలెనని యున్నది ఆ కడపటి అడుగులను గూర్చియే. కాని ఆ కొండ యెట్టిదో, ఆ చలి యెట్టిదో యెరుగక ఆ అడుగుల విలువ తెలియదు. కావున అడుగునుండియే బయలుదేరుదము.

నేను సంస్కృతాంధ్రములను గురుముఖమున చదివినవాడనే యైనను, మా పాఠశాలలో భూగోళము చెప్పువారు లేని యేడులలో ఆ పాఠము నాకే అప్పగింపబడుచుండెను. పాఠ్యపుస్తకములో ఈ శిఖరమునకు గాడ్విన్ ఆస్టిన్ అని పేరుండెను. పిల్లలు ఆ పేరు పలుకలేక నవ్వుచుండిరి. కే2 అనునదియు నిజమునకు పేరు కాదు, లెక్కగుర్తు. 1856లో మాంట్‌గోమరీ అను సర్వే అధికారి కాశ్మీరములోని యొక కొండపైనుండి దూరమున కనబడిన శిఖరములకు వరుసగా గుర్తులు వేసెను. కారకోరము అను మాటకు ఇంగ్లీషున మొదటి అక్షరము కే. ఒకటవది కే1, రెండవది కే2. కే1కు మషేర్‌బ్రుమ్ అను స్థానిక నామము కలదని తెలిసి ఆ పేరే నిలిచినది. రెండవది జనపదములకు మిక్కిలి దూరమున నుండుటచే గుర్తే పేరైనది. బాల్టీ భాషలో దానిని చోగోరి యందురు. పెద్దకొండ యని యర్థము. ఆ సర్వే యెచ్చటిదో కాదు. 1802లో మద్రాసు చెంత నేలపై గొలుసు పరచి కొలత మొదలిడి, మన దక్షిణదేశపు మైదానములమీదుగా ఉత్తరమునకు సాగిన కొలతయే అంతదూరము పోయినది.

దీని యెత్తు 8,611 మీటర్లు, అనగా 28,251 అడుగులు. తిరుమల కొండలను సుమారు పదింటిని ఒకదానిపై నొకటి పేర్చినట్లు తలచుకొనుడు. ఎవరెస్టు దీనికంటె 780 అడుగులు మాత్రమే పొడవు. ఐనను ఎవరెస్టు నెక్కినవారు వేలకొలదిగా నుండగా, దీని నెక్కినవారిని వందలలోనే లెక్కింపవలెను. కారణ మేమన, ఏ ప్రక్కనుండి చూచినను ఇది గాలిగోపురము వలె నిటారుగా లేచియుండును. కాలూని సేదదీరుటకు చదునైన చోటు లేదు. ఇది పాకిస్తాను అధీనములోనున్న గిల్గిత్ బాల్టిస్తానునకును చైనాలోని షిన్‌జియాంగునకును సరిహద్దున కలదు. స్కర్దూ పట్టణమునుండి బండి త్రోవ ఆస్కోలే అను కడపటి గ్రామమువరకే. పిమ్మట బాల్టోరో అను హిమనది మీద సుమారు 60 కిలోమీటర్లు నడక. నది యనినను పారు నీరు కాదు. కొండలోయ నిండ గడ్డకట్టి, ఏడాదికి కొంత కొంతగా జారుచుండు మంచు. దాని మీద బండలు, బీటలు. సామానంతయు బాల్టీ కూలీల వీపుల మీదనే పోవలెను.

కొండ పాదమున 5,000 మీటర్ల యెత్తున మూలశిబిరము వేయుదురు. అచ్చటినుండి ఆగ్నేయపు గట్టున త్రోవ. 1909లో ఇటలీ రాజవంశీయుడగు అబ్రుజ్జీ ప్రభువు ఆ గట్టున ప్రయత్నించెను గనుక దానికి ఆయన పేరు నిలిచినది. దారిలో పొగగూడువంటి రాతిచీలిక యొకటి, దానిపై నల్లని రాతిగోడ, ఆ పైన మంచువాలు. సుమారు 8,200 మీటర్ల యెత్తున సీసామెడ యనబడు ఇరుకు సందు. ఆ సందుపైన పెద్ద మేడలంత మంచుగోడ వ్రేలాడుచుండును. అది యెప్పుడు విరుగునో ఎవ్వరు చెప్పలేరు. 2008 ఆగస్టులో, వేసవిలోనే, కొంత ఆ మంచు విరిగిపడుట వలనను కొంత త్రాళ్లు తెగిపోవుట వలనను 11 మంది ఒక్క యాత్రలో మరణించిరి.

ఇక శీతకాలమున ఆ కొండ వేరు కొండ యగును. గాలి పలుచనగుట మొదటి సంగతి. మనము పీల్చు గాలికి బరువున్నది. మన తలపై ఆకాశమంతటి గాలికుప్ప యున్నది. ఎత్తు పోయినకొలది ఆ కుప్ప తగ్గును. కే2 శిఖరమున అది సముద్రతీరమున నుండుదానిలో మూడవవంతు. అనగా అచ్చట మూడు గ్రుక్కలు పీల్చిన గాని మన ఒక్క గ్రుక్కలోని ప్రాణవాయువు దొరకదు. చలికాలమున గాలి ముడుచుకొని నేలకు దిగును గనుక, శిఖరముల చెంత మరింత పలుచనగును. పైపెచ్చు ఈ శిఖరము ఎవరెస్టుకంటె ఎనిమిది డిగ్రీలు ఉత్తరమున కలదు. ఉత్తరమునకు పోయినకొలదియు ఆ యెత్తున గాలి తగ్గును. ఈ రెండు కారణములచేత శీతకాలమున ఆ కొండ ఎక్కువానికి కొన్ని వందల అడుగులు పెరిగినట్లే యగును. కొలబద్దకు మాత్రము అది తెలియదు.

గాలి పలుచనైనను దాని వేగము తగ్గదు. మింటిపై పడమటనుండి తూర్పునకు ఒక మహావాయుప్రవాహము నిత్యము వీచుచుండును. వేసవిలో అది ఉత్తరమునకు తొలగిపోవును. చలికాలమున దక్షిణమునకు దిగి ఈ శిఖరముల తలపైననే పారును. గంటకు 100 కిలోమీటర్లు మించిన వేగము అచ్చట వింత కాదు. మన తీరవాసులు తుపానుగాలిని చూచియే యున్నారు. దానిలో నిలువబడి మేకు కొట్టవలెనన్న నెట్లుండునో ఊహించుడు. సున్నకు దిగువ 40 డిగ్రీల చలిలో గంటకు 60 కిలోమీటర్ల గాలి వీచినచో, తెరచియున్న చర్మమునకు అది 64 డిగ్రీల చలితో సమానమని లెక్కగట్టియున్నారు. ప్రసంగవశమున ఒక వింత: సెంటీగ్రేడు, ఫారెన్‌హీటు అను రెండు కొలబద్దలును సున్నకు దిగువ 40 వద్ద మాత్రమే ఒక్క సంఖ్యను చూపును. అచ్చట ఏ కొలతయని అడుగ నక్కరలేదు.

ఆ గాలి కొండమీది మెత్తని మంచునంతయు ఊడ్చివేయును. వేసవిలో బూటు దిగబడు మంచు ఉండుచోట శీతకాలమున గాజువంటి నీలిమంచు తేలును. బూట్ల క్రింద కట్టుకొను ఇనుపకోరలు దానిలో వ్రేలి గోరంత దిగుటయు కష్టమే. మంచు పట్టువదలిన రాళ్లు పైనుండి రాలుచుండును. పగలు పది గంటలకు లోపు, మిగిలినదంతయు రాత్రియే.

అట్టి చలిలో మన దేహ మేమి చేయును? కరవు వచ్చిన యింటి యజమాని వలె వర్తించును. గాదెలో గింజలు తక్కువైనప్పుడు ఇంటివారిని కాపాడుకొని, దూరపు చుట్టములకు పంపుట మానును గదా! దేహమును గుండెను, మెదడును వెచ్చగా నుంచుకొనుటకై చేతివ్రేళ్లకు, కాలివ్రేళ్లకు, ముక్కునకు, చెవులకు పోవు రక్తనాళములను ముడుచును. తొలుత ఆ వ్రేళ్లు సలుపును. సలుపుచున్నంతవరకు భయము లేదు. సలుపు ఆగి, ఏమియు తెలియకపోయినప్పుడే భయము. పిమ్మట తెల్లబడి కొయ్యవలె బిగియును. లోపలి నీరు మంచు పలుకులై మాంసమును చీల్చును. దీనినే మంచుకాటు అందురు. ఎత్తైన చోట ప్రాణవాయువు చాలక రక్తము చిక్కబడును; త్రాగుటకు నీరు చాలక మరింత చిక్కబడును. కావున మైదానపు చలికంటె అచ్చటి చలి వ్రేళ్లను త్వరగా పట్టును.

మంచుకాటు తగిలిన చోట మంచుతో రుద్దవలెనని పూర్వము నమ్మువారుండిరి. అది మిక్కిలి కీడు. లోపలి పలుకులు మాంసమును మరింత కోయును. నిప్పుసెగ చూపుటయు తగదు, స్పర్శ తెలియని చర్మము కాలిపోవును. 37 మొదలు 39 డిగ్రీల వరకు గల నీటిలో ముంచుట నేటి వైద్యులు చెప్పు పద్ధతి. అందులోను ఒక నియమము కలదు. మరల గడ్డకట్టు ప్రమాద మున్నంతవరకు కరగింపరాదు. గడ్డకట్టిన పాదముతో మనుష్యుడు నడచి దిగగలడు. కరగిన పాదముతో నడువలేడు, కరగి మరల గడ్డకట్టినచో ఆ పాదము దక్కదు. సారా త్రాగిన వెచ్చబడుదుమను భ్రమ మనలోను కలదు. అది చర్మమున రక్తమును పారించి లోపలి వేడిని బయటికి పంపివేయును. వెచ్చదనము చర్మమునకే, చలి గుండెకు.

వంట సంగతి వినుడు. మీ యిండ్లలోని గ్యాసుబండలో బ్యూటేను, ప్రోపేను అను రెండు వాయువులు కలిసి ద్రవరూపమున నుండును. మర తిప్పగానే ఆవిరియై పొయ్యికి వచ్చును. బ్యూటేను సున్న డిగ్రీల వద్దనే ఆవిరియగుట మానును. ప్రోపేను సున్నకు దిగువ 42 డిగ్రీల వరకు ఆవిరియగును. అందుచే కొండకు పోవువారు ప్రోపేను కలిపిన చిన్న బుడ్లను కొనిపోవుదురు. ఐనను వానిని పడకసంచిలో తమతోపాటు పరుండబెట్టుకొని వెచ్చచేయవలసియుండును. నీరన్నది అచ్చట లేదు. మంచు గీరి కరగింపవలెను. గిన్నెడు మంచుకు వచ్చునది గ్రుక్కెడు నీరు. ఏడువేల మీటర్ల పైన అది 80 డిగ్రీలకు లోపుననే కాగిపోవును, కాని ఆ వేడికి బియ్యము ఉడుకదు. గొంతు తడుపుకొనుటకే గంటలు పట్టును. దీపపు బ్యాటరీలు చలికి చచ్చును గనుక వానిని చొక్కా లోపల పెట్టుకొందురు. తొడుగు లేని చేతితో ఇనుము పట్టినచో చర్మము అంటుకొనును. ఇంతటి చలిలోను చెమట పట్టునట్లు వేగముగా నడువరాదు. ఆ చెమటయే ఆగినప్పుడు మంచగును.

ఇట్టి పనికి పూనుకొనువా రుందురా యని మీరు అడుగవచ్చును. ఉండిరి. పోలండు దేశీయులు దీనిని వ్రతముగా పట్టిరి. యుద్ధానంతరము వారికి దేశము విడిచిపోవుట దుర్లభమాయెను. వారు హిమాలయమును చేరునప్పటికి పెద్ద శిఖరములన్నియు ఇతరుల పాలబడియుండెను. మిగిలినది శీతకాలము. 1980 ఫిబ్రవరి 17న జవాడా అను నాయకుని బృందములోని ఇద్దరు ఎవరెస్టు నెక్కి ఆ త్రోవ తెరచిరి. పిమ్మట శీతకాలమున మొదట ఎక్కబడిన 13 శిఖరములలో పదింటి మీద పోలండు వారి యడుగులున్నవి. కే2 మాత్రము లొంగలేదు. 1987 చివర ఆ జవాడాయే వచ్చి మరలిపోయెను. 2003లో 7,600 మీటర్లు దాటి మరలిరి. 2012లో రష్యావారు వచ్చి, ఒకరిని పోగొట్టుకొని తిరిగిరి. 2018 జనవరిలో పోలండువారే మరల వచ్చియుండగా, నంగాపర్వతముపై ఒక ఫ్రెంచి స్త్రీ ఆపదలో చిక్కినదని కబురు వచ్చెను. వారిలో నలుగురు తమ కొండను విడిచి హెలికాప్టరులో ఆ కొండకు పోయిరి. అందు ఇద్దరు రాత్రి చీకటిలోనే వేయి మీటర్లకు పైగా ఎగబ్రాకి ఆమెను దింపిరి. ఆమె తోడివానిని మాత్రము దింపలేకపోయిరి. కే2 ఆ యేడును దక్కలేదు. ఆ యేటి ప్రయత్నములలో నాకు ఇదియే మెచ్చదగినదిగా తోచును.

ఈ జాబితాలో ఒక లోపమున్నది. హిమాలయమున ఏ దేశీయులు ఏ శిఖర మెక్కినను, త్రాళ్లు కట్టినవారు, గుడారములు మోసినవారు చాలవరకు షెర్పాలు, హుంజా బాల్టీవారు. వాడుకలోనున్న లెక్కప్రకారము ఆ 13 శిఖరముల మీద, మొదట శీతకాలమున ఎక్కినవారిలో నేపాళీయుని పేరొక్కటియు లేదు. 1954లో కే2ను మొదటిమారు ఇటలీవారు ఎక్కినప్పటి కథ యిందులకు సాక్ష్యము. పైనున్న ఇద్దరికి ప్రాణవాయువు బుడ్లు అందించుటకై బొనాట్టి అను ఇటలీ యువకుడును, హుంజాకు చెందిన అమీర్ మహదీయు బరువులు మోసికొని పోయిరి. గుడారము అనుకొన్న చోట లేకుండెను. చీకటిపడుటచే వారిరువురు 8,100 మీటర్ల యెత్తున, గుడారము లేక, పడకసంచి లేక, మంచులో కూర్చుండి రాత్రి గడపిరి. మరునాడు పైనున్నవారు ఆ బుడ్లు తగిలించుకొని శిఖర మెక్కిరి. మహదీకి ఆ చలికి తగిన బూట్లు లేకుండెను, కాలివ్రేళ్లు పోయినవి. శిఖర మెక్కిన ఇరువురి పేర్లను లోకము పొగడెను. మహదీ పేరు ఎరిగినవారు మనలో ఎందరు?

2020 డిసెంబరులో కే2 పాదమున పలు బృందములు చేరినవి. వానిలో నేపాళీయులవి రెండు. ఒకదానికి మింగ్మా గ్యాల్జే షెర్పా పెద్ద, వారు ముగ్గురు. రెండవదానికి నిర్మల్ పూర్జా పెద్ద, ఆయన మగరు జాతివాడు, పూర్వము గూర్ఖా సైనికుడు, వారు ఆరుగురు. మొదట ఎవరి త్రోవ వారిదే. పోటీ లేదనుట కూడ సత్యము కాదు. కాని జనవరి 10వ తేదీ ప్రాంతమున పెనుగాలి వీచి రెండవ శిబిరములోని పూర్జావారి గుడారములను, పడకసంచులను చించి ఎగురగొట్టెను. మరల సమకూర్చుకొనవలసి వచ్చెను. గాలి నెమ్మదించు నాలుగు దినములు 13వ తేదీనుండి వచ్చునని వాతావరణవేత్తలు చెప్పిరి. రెండు బృందములును కలిసిరి. మరియొక పెద్ద బృందమునుండి సోనా షెర్పా వచ్చి చేరెను. పదుగురైరి.

కలియుట యన నేమి? త్రాడు మోయుట. ఆ కొండపై క్రిందినుండి మీదివరకు త్రాడు బిగింపవలెను. ముందువాడు పట్టులేకయే ఎక్కి, మంచులో తిరుగుడుమేకు దించి, త్రాటిని దానికి కట్టును. వెనుకవారు ఆ త్రాటికి బిగించిన ఇనుపపట్టును జరుపుకొనుచు ఎక్కుదురు. ఆ పట్టు మీదికి జరుగును, క్రిందికి జారదు. ముందువానికి గాలి దెబ్బయంతయు తగులును, వానికే వ్రేళ్లు పోవు భయమధికము. కావున వంతులవారీగా ముందు నడువవలెను. మూడవ శిబిరమునకు పైన ఒక పెద్ద మంచుబీట అడ్డుపడగా, చాలదూరము వెనుకకు మరలి వేరు త్రోవ వెదకవలసి వచ్చెను. 15వ తేదీన నాలుగవ శిబిరపు చోటివరకు త్రాడు కట్టి, మరల మూడవ శిబిరమునకు దిగి, అర్ధరాత్రి దాటిన పిదప బయలుదేరిరి.

రాత్రియంతయు, మరునాటి పగలంతయు ఎక్కిరి. సీసామెడ దాటిరి. శిఖరము ఇక పది మీటర్లుండగా ముందు చేరినవాడు ఆగెను. అతని వెనుకవాడును ఆగెను. ఆ చలిలో ఆగుటయన్నది మాటలు కాదు. నడచుచున్నంతవరకే దేహమున వేడి పుట్టును, నిలిచినచో వ్రేళ్లు బిగియుట మొదలగును. సూర్యుడు పడమటికి వాలుచుండెను. మొదటివాడు పది మీటర్లు నడచినచో ప్రపంచ చరిత్రలో అతని యొక్కని పేరు నిలిచియుండును. కాని తుదివాడు వచ్చువరకు అందరును నిలిచిరి. పిమ్మట పదుగురును ఒక్క వరుసగా, తమ జాతీయగీతము పాడుచు శిఖరముపై నడచిరి. పూర్జా తాను ప్రాణవాయువు బుడ్డి లేకయే ఎక్కినట్లు తరువాత ప్రకటించెను. మిగిలినవారు బుడ్లు వాడిరి. అందుచే ఎవరి ఘనత యెంత యని వాదించువారు కలరు. ఆ వాదము వారికి విడుతము.

మహాప్రస్థానమున పాండవులు ఈ కొండలవైపే వరుసగా నడచిరి. ద్రౌపది మొదలుకొని ఒక్కొక్కరే పడిపోవుచుండగా భీముడు కారణ మడిగెను, ధర్మరాజు చెప్పెను, వెనుదిరిగి చూడక సాగెను. అది స్వర్గమునకు పోవు త్రోవ గనుక ధర్మము అట్లుండినది కాబోలు. తిరిగి యింటికి రావలసిన త్రోవలో వేరు ధర్మము పాటింపక తప్పదు.

ఆ పదుగురి పేర్లను ఒక్కమారు చదివెదను: నిర్మల్ పూర్జా, మింగ్మా గ్యాల్జే షెర్పా, మింగ్మా డేవిడ్ షెర్పా, మింగ్మా తెంజి షెర్పా, గేల్జే షెర్పా, పెమ్ ఛిరీ షెర్పా, దావా తెంబా షెర్పా, దావా తెంజింగ్ షెర్పా, కీలు పెంబా షెర్పా, సోనా షెర్పా. ఇందు మింగ్మాలు ముగ్గురు, దావాలు ఇద్దరు కలరు. షెర్పాలలో పుట్టిన వారమును బట్టి పేరు పెట్టు ఆచారమున్నది. దావా యనగా చంద్రుడు, సోమవారము, మింగ్మా యనగా కుజుడు, మంగళవారము, పెంబా శనివారము. మన వారముల పేర్లకును వారి పేర్లకును గ్రహములు ఒక్కటియే.

ఎక్కుట సగము పనియే. మనుచరిత్రములోని ప్రవరుడు పాదలేపము మహిమచే హిమాలయమునకు పోయి, మంచునీటికి ఆ లేపము కరగిన పిమ్మట గాని తిరుగుదారి లేదని తెలిసికొనలేదు. కొండలమీది మరణములలో పెక్కు దిగునప్పుడే జరుగును. బలము పైననే వ్యయమైపోవును. ఈ పదుగురు చీకటిలో త్రాళ్లు పట్టుకొని మూడవ శిబిరమునకు దిగిరి. 17వ తేదీన మూలశిబిరము చేరిరి. పదుగురును చేరిరి.

కాని వారు శిఖరముపై నున్న దినముననే, క్రింద, మొదటి శిబిరమునుండి దిగుచున్న సెర్జీ మింగోటే అను స్పెయిను దేశీయుడు జారిపడి మరణించెను. ఫిబ్రవరి 5న స్కాటోవ్ అను బల్గేరియా దేశీయుడు పడిపోయెను. ఆ దినముననే ముగ్గురు శిఖరమునకై బయలుదేరిరి: ఐస్‌లాండునకు చెందిన జాన్ స్నోరి, చిలీకి చెందిన హువాన్ పాబ్లో మోర్, బాల్టిస్తానుకు చెందిన అలీ సద్పారా. ఈ అలీ సామాన్యుడు కాడు; బరువులు మోయు కూలిగా మొదలై, 2016లో నంగాపర్వతమును మొదటిమారు శీతకాలమున ఎక్కిన మువ్వురిలో ఒకడు. అతని వెంట కొడుకు సాజిద్ కూడ నుండెను. సీసామెడ వద్ద సాజిదు ప్రాణవాయువు బుడ్డికి తగిలించు పరికరము చెడెను. తండ్రి అతనిని దిగిపొమ్మనెను. సాజిదు మూడవ శిబిరమునకు దిగి రాత్రియంతయు వేచియుండెను. ఆ మువ్వురు రాలేదు.

ఆ యేడు జూలైలో, మంచు కొంత సడలిన తరువాత, సీసామెడ ప్రాంతమున వారి దేహములు కనబడినవి. సాజిదు మరల ఆ కొండ నెక్కి, తండ్రి దేహమును నాలుగవ శిబిరము చెంతకు దింపి, అచ్చటనే మంచులో ఖననము చేసి, ప్రార్థన జరిపి దిగివచ్చెను.